చదవబుద్ధి కానప్పుడు వింత కథల దారి పట్టడం ఎలా?

చదవడం ఆగిపోయిందని చెబితే అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఏదైనా తేలిక పుస్తకం పట్టుకో." ఒక థ్రిల్లరో, ప్రేమకథో, పది నిమిషాల్లో అయిపోయే హాస్య కథో. చాలామందికి ఈ సలహా పనిచేస్తుంది. కొందరికి మాత్రం తేలిక పుస్తకం తెరిచాక విసుగు ఇంకా పెరుగుతుంది. పదో పేజీలో హంతకుడెవరో తెలిసిపోతుంది. ఇరవయ్యో పేజీలో ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకుంటారో తెలిసిపోతుంది. ఇక మిగతా రెండు వందల పేజీలు దేనికి?

మీరు ఆ రెండో రకం అయితే, తర్వాతి పేజీలో ఏముందో ఊహకందని పుస్తకం మీకు కావాలి. లేదా మీ మనసులో ఇప్పుడు తిరుగుతున్న ప్రశ్ననే నేరుగా అడిగే పుస్తకం కావాలి. మొదటిదాన్ని అధివాస్తవిక సాహిత్యం అంటారు, రెండోదాన్ని అస్తిత్వవాద సాహిత్యం అంటారు. పేర్లు చూసి భయపడకండి. ఈ దారిలో గొప్పవని పేరున్న పుస్తకాల్లో చాలా చిన్నవే ఉన్నాయి. కొన్ని ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. చదవడం ఆగిపోయిన మనిషికి ఈ సంగతి చాలా ముఖ్యం.

ముందు, ఎక్కడ ఆగిపోయారో చూడండి

సగంలో వదిలేసిన చివరి పుస్తకాన్ని చేతిలోకి తీసుకోండి. గుర్తు పెట్టిన పేజీ తెరిచి, ఒక పేరా చదవండి. ఇప్పుడు మీకేం అనిపిస్తోంది?

కళ్ళు మూతపడుతున్నాయా? అయితే మీకు కావాల్సింది నిద్ర. ఆఫీసు టెన్షన్, పిల్లల పరీక్షలు, రాత్రి పన్నెండు దాకా రీల్స్, ఇవన్నీ అయ్యాక ఏ పుస్తకమూ నిలబడదు. ముందు వారం రోజులు త్వరగా పడుకోండి. ఆ తర్వాత కూడా చదవాలనిపించకపోతే అప్పుడు ఇక్కడికి రండి.

"ఇలాంటివి చాలా చదివేశాను" అనిపిస్తోందా? అంటే కథల అచ్చు మీకు పాతబడింది. సమస్య, మలుపు, పరిష్కారం అన్న వరస ముందే తెలిసిపోతోంది. మీరు అధివాస్తవిక కథల వైపు వెళ్ళాలి.

"ఇదంతా నాకెందుకు?" అనిపిస్తోందా? కథలో వాళ్ళ గొడవ కన్నా మీ లోపలి గొడవ పెద్దగా వినిపిస్తోందన్నమాట. ఉద్యోగం మారడం, దగ్గరివాళ్ళు పోవడం, పిల్లలు చదువుకోసం వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ కావడం, ఏ కారణమూ లేకుండానే నలభై దాటాక వచ్చే ఒక వెలితి. ఇలాంటప్పుడు అస్తిత్వవాద రచనలు దగ్గరవుతాయి. అవి మీ దృష్టి మళ్ళించాలని చూడవు. మీరు ఉన్నచోటికే వచ్చి కూర్చుంటాయి.

ఈ రెండూ చాలా పుస్తకాల్లో కలిసే ఉంటాయి. అయినా మీకు ముందు ఏది కావాలో తెలిస్తే వెతకడం సులువవుతుంది.

నవల వద్దు, ఒక్క కథతో మొదలుపెట్టండి

చదవడం ఆగిపోయినవాళ్ళు తరచూ చేసే పని, "ఈసారి గట్టిగా మొదలుపెడతాను" అని ఐదు వందల పేజీల పుస్తకం కొనడం. అది బల్ల మీద ఉండి రోజూ మిమ్మల్ని నిలదీస్తుంది. ఒక్క కథ చాలు. ఒక్క కూర్చోవడంలో పూర్తయ్యేది. పూర్తి చేశానన్న తృప్తి ఇప్పుడు మీకు అన్నిటికన్నా అవసరం.

అధివాస్తవికం కావాల్సినవాళ్ళకి నేను ముందుగా గొగోల్ 'ముక్కు' చెబుతాను. 1836లో అచ్చయిన రష్యన్ కథ. పీటర్స్‌బర్గ్‌లో ఒక మంగలి పొద్దున్నే రొట్టె కోస్తే అందులో ముక్కు కనిపిస్తుంది. అదే పొద్దున ఇంకోచోట కవల్యోవ్ అనే అధికారి నిద్రలేచి అద్దం చూసుకుంటే, ముక్కు ఉండాల్సినచోట చదునుగా ఉంటుంది. తర్వాత ఆ ముక్కు తనకన్నా పెద్ద హోదా ఉన్న అధికారి యూనిఫాంలో బండి దిగుతూ అతనికి ఎదురవుతుంది. కవల్యోవ్ దానితో మర్యాదగా మాట్లాడలేక, కోప్పడలేక నలిగిపోతాడు. తన ముక్కే తనకన్నా పై అధికారి మరి. ప్రభుత్వాఫీసులు చూసిన తెలుగువాళ్ళకి ఆ తికమక విడమరిచి చెప్పనక్కర్లేదు. నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. దాదాపు రెండు వందల ఏళ్ళయినా పాతబడలేదు.

దాని తర్వాత అర్జెంటీనా రచయిత హూలియో కోర్తాసార్ కథ ఒకటి చదవండి. 1946లో వచ్చింది, ఇంగ్లీషులో 'హౌస్ టేకెన్ ఓవర్' అనే పేరుతో దొరుకుతుంది. ఏడెనిమిది పేజీలే. తాతల నాటి పెద్ద ఇంట్లో ఒక అన్న, ఒక చెల్లెలు ఉంటారు. ఆమె అల్లుకుంటూ ఉంటుంది, అతను పుస్తకాలు చదువుకుంటూ ఉంటాడు. ఒక రాత్రి ఇంటి వెనక భాగంలో ఏదో చప్పుడవుతుంది. అతను నడవా తలుపు గడియ పెట్టేసి వచ్చి, ఆ భాగాన్ని ఆక్రమించేశారని చెల్లెలికి చెబుతాడు. ఎవరు? కథ చెప్పదు. వాళ్ళు కూడా అడగరు. మిగిలిన గదుల్లో సర్దుకుని బతకడం మొదలుపెడతారు. పొద్దుపోయాక చదివితే మీ ఇంట్లో పక్కగది నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది.

అస్తిత్వవాదం వైపు అడుగు వేయాలనుకునేవాళ్ళకి త్రిపుర 'భగవంతం కోసం'. త్రిపుర (1928–2013) రాసిన కథలన్నీ కలిపినా పదిహేను దాకానే ఉంటాయి, కానీ తెలుగు కథలో ఆయన చోటు ఇంకెవరికీ లేదు. భగవంతం అనే మనిషి కోసం వెతుకులాట, ఎదురుచూపు, మధ్యలో ఊరు, మనుషులు, మాటలు. కథ పెద్దగా ఎక్కడికీ వెళ్ళదు. చదివేవాళ్ళు మాత్రం ఎక్కడికో వెళ్ళిపోతారు. ఆ పేరులోని 'భగవంతుడు' అన్న ధ్వని గురించి ఎక్కువగా ఆలోచించకండి. ముందు ఆ ఎదురుచూపులో ఉండండి.

ఆ తర్వాత జర్మన్ భాషలో రాసిన ప్రాగ్ రచయిత కాఫ్కా. 1915లో అచ్చయిన 'మెటమార్ఫసిస్' అరవై డెబ్భై పేజీల రచన. అంటే పెద్ద కథే. రెండు సిట్టింగుల్లో అయిపోతుంది.

అర్థాలు వెతకడం ఆపండి

ఇది ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచిన మాట. ఇలాంటి కథలు చదువుతూ మధ్యలో వదిలేసినవాళ్ళని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు, "అర్థం కాలేదు". ఏం అర్థం కాలేదని అడిగితే, వాక్యాలు అర్థమయ్యాయంటారు, జరిగింది అర్థమైందంటారు. "అది దేనికి ప్రతీకో తెలియలేదు" అంటారు. స్కూల్లో పాఠం వెనక ప్రశ్నలకి జవాబులు రాసిన అలవాటు ఇది.

చందమామలో భేతాళ కథలు గుర్తు చేసుకోండి. పట్టువదలని విక్రమార్కుడు చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుని శ్మశానం కేసి నడుస్తాడు. ఆ శవంలోని భేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే రాజు తల పగులుతుంది. జవాబు చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఇంతకన్నా అధివాస్తవికమైన ఏర్పాటు ఎక్కడైనా ఉందా? అయినా ఏ పిల్లవాడూ "శవం దేనికి ప్రతీక?" అని ఆగిపోలేదు. శవం మాట్లాడుతుంది, అంతే. ఆ షరతు ఒప్పుకుని, తర్వాతేమవుతుందో చూశాం. పింగళి సూరన పదహారో శతాబ్దంలో రాసిన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. బ్రహ్మ మాట తప్పదు కాబట్టి కథలోని మనుషులు నిజంగానే పుట్టి ఆ కథను బతుకుతారు. అర్జెంటీనా రచయిత బోర్హెస్‌ని చదివి ఆశ్చర్యపోయే తెలుగు పాఠకులు ఒకసారి ఆ కావ్యం వైపు చూడాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. ఇలాంటివి చదవడం మనకి కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు.

కాబట్టి 'మెటమార్ఫసిస్' తెరిచినప్పుడు గ్రెగర్ సామ్సా పురుగుగా మారడాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోండి. ఆ తర్వాత అతను దేని గురించి కంగారు పడుతున్నాడో చూడండి. తన ఒంటి గురించి కాదు. ఐదు గంటల రైలు తప్పిపోయిందని, ఆఫీసులో ఏమనుకుంటారోనని. కాసేపటికి ఆఫీసు నుంచి మనిషి ఇంటికే వస్తాడు. తలుపు వెనక ఒక పురుగు, బయట అమ్మానాన్నా చెల్లెలూ ఆఫీసు మనిషీ. ఇంటి ఖర్చంతా మోసిన కొడుకు సంపాదన ఆగిపోయాక, ఇంట్లోవాళ్ళ మాట తీరు ఒక్కో పేజీకి ఎలా మారుతుందో గమనించండి. మీరు పనిగట్టుకుని వెతక్కపోయినా, కథ ముగిసేసరికి పురుగెవరో మీకు తెలిసిపోతుంది. ముందే ప్రతీకల జాబితా రాసుకుని చదివితే ఆ దెబ్బ తగలదు.

చదివేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, కానీ సారాంశం రాయొద్దు. మిమ్మల్ని ఆపిన ఒక్క వాక్యం ఎత్తి రాసుకోండి. రేపు పొద్దున మళ్ళీ ఆ వాక్యం చదవండి. అది ఇంకా కదిలిస్తే ఆ రచయితది ఇంకో కథ చదవండి. కదిలించకపోతే వేరే రచయిత దగ్గరికి వెళ్ళండి. కాఫ్కా నచ్చనంత మాత్రాన మీ అభిరుచిలో లోపమేమీ లేదు.

సమీక్షలు, యూట్యూబ్ వివరణలు చదివాక చూడండి, ముందు వద్దు. వింత కథలో సగం బలం మొదటిసారి ఎదురుపడటంలోనే ఉంటుంది.

మొదటి రెండు పేజీలతో పరీక్షించండి

పుస్తకాల షాపులోనో, ఈ-బుక్ శాంపిల్‌లోనో మొదటి రెండు పేజీలు చదవండి. వెనక అట్ట మీద రాసింది వదిలేయండి, అక్కడ అన్ని పుస్తకాలూ 'అద్భుతమే'. మూడు సంగతులు చూసుకుంటే చాలు.

వాక్యాలు సూటిగా ఉన్నాయా? మంచి వింత కథలు సాధారణంగా చాలా మామూలు మాటల్లో మొదలవుతాయి. జరిగేది ఎంత వింతదైతే చెప్పే తీరు అంత నిబ్బరంగా ఉంటుంది. మొదటి పేజీలోనే అలంకారాలు, పొగమంచు, తాత్విక ప్రవచనాలు మొదలైతే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టండి. రెండోది, ఏదైనా ఒక చిన్న సంగతి మెలిపడి కనిపించిందా? ఫ్రెంచ్ రచయిత ఆల్బేర్ కామూ 1942 నవల 'ద స్ట్రేంజర్' మొదట్లోనే కథకుడు తల్లి చనిపోయిందంటాడు, అది ఇవాళో నిన్నో తెలియదంటాడు. ఆ తెలియకపోవడం దగ్గర మీకు గుచ్చుకుంటే పుస్తకం మిమ్మల్ని పట్టుకున్నట్టే. మూడోది, పేజీల సంఖ్య. ఇప్పటికి నూట యాభై లోపు పెట్టుకోండి.

అనువాదమైతే ఇంకో జాగ్రత్త. కాఫ్కా లాంటివాళ్ళకి ఇంగ్లీషులోనే చాలామంది అనువాదకులున్నారు. ఒకటి గట్టిగా, ఎండిపోయినట్టు అనిపిస్తే రచయితను వదిలేసే ముందు ఇంకో అనువాదం మొదటి పేజీ చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

తెలుగు అల్మారా ఒకసారి కదపండి

అస్తిత్వవాదం అనగానే ఫ్రాన్స్ గుర్తొస్తుంది. నిజానికి 1940ల నుంచి తెలుగులో ఈ ప్రశ్నలతో రాసినవాళ్ళున్నారు. సొంత భాషలో చదివితే మనసుకి ఒక మెట్టు తగ్గుతుంది కాబట్టి, చదవడం ఆగిపోయినప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం.

రావిశాస్త్రి 'అల్పజీవి' అన్నిటికన్నా ముందు పెట్టండి. విశాఖపట్నంలో సుబ్బయ్య అనే భయస్తుడు. అందరికీ భయపడతాడు, తన నీడకి కూడా. అతని లోపలి మాట ఆగకుండా నడుస్తూ ఉంటుంది, మనం ఆ మాట లోపలే ఉంటాం. చిన్న నవల. భాష నవ్విస్తుంది, చివరికొచ్చేసరికి ఆ నవ్వు వేరేగా వినిపిస్తుంది. తరువాత గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. సీతారామారావు ఆలోచించి ఆలోచించి తన్ను తానే తినేసుకునే మనిషి. మీరు గంటల తరబడి ఏదీ తేల్చుకోలేక ఆలోచిస్తూ ఉండే రకమైతే ఈ నవల మీ గురించే రాశారనిపిస్తుంది. చివరి అధ్యాయం చాలా తీవ్రంగా ఉంటుంది. మనసు బాగా కుంగి ఉన్న రోజుల్లో దాన్ని మొదలుపెట్టకండి.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి ఎంత చెప్పినా తక్కువే. తల్లి గురించి లోకం అనుకునే మాటలు జీవితమంతా వెంటాడే దయానిధి, అతన్ని దాటివెళ్ళే స్త్రీలు, ప్రేమించడం చేతకాని సమాజంలో మనిషికి చివరికి ఏం మిగులుతుందన్న ప్రశ్న. కథ కన్నా వర్ణనలు, ఆలోచనలు ఎక్కువ. అందుకే మొదటి పుస్తకంగా వద్దంటాను. రెండు మూడు చిన్నవి పూర్తయి, చదివే వేగం తిరిగొచ్చాక పట్టుకుంటే మీతో చాలా ఏళ్ళు ఉండిపోతుంది.

నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే విద్యార్థి పొద్దున్న లేచినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా ఒక్క రోజు. మెస్సు బిల్లు, డబ్బుల్లేకపోవడం, అమ్మాయిలు, భయాలు, కలలు. ఆ నవల పేరే రచయిత ఇంటిపేరైపోయింది. హైదరాబాద్‌లో హాస్టల్లోనో పీజీలోనో ఉండి పోటీపరీక్షలకి చదువుతూ, రోజంతా ఏం చేశానో తెలియక పడుకునే కుర్రాళ్ళకి నేను ఇదే ఇస్తాను.

వింత కావాలంటే తెలుగులో మూడు దారులు. కె.ఎన్.వై. పతంజలి 'గోపాత్రుడు', దాని కొనసాగింపు 'పిలక తిరుగుడు పువ్వు' చదవండి. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న గొడవ ఊరిని చీల్చి కోర్టుకెక్కుతుంది. పగలబడి నవ్వుతూ చదివేస్తారు. మునిపల్లె రాజు 'అస్తిత్వనదం ఆవలి తీరాన' కథల సంపుటికి 2006లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పల్లె జ్ఞాపకం, మహిమ, చావు పక్కపక్కన నడిచే కథలు. మూడోది వి. చంద్రశేఖర రావు కథలు. 'జీవని', 'లెనిన్ ప్లేస్', 'మాయాలాంతరు' సంపుటాల్లో ఏది దొరికినా సరే. దళిత జీవితం, విఫలమైన ఉద్యమాలు, కల, జానపదం అన్నీ ఒకే వాక్యంలోకి వచ్చేస్తాయి. ఆయన్ని ఇంకా చాలామంది చదవాల్సి ఉంది.

నచ్చిన రచయిత ఎవర్ని చదివాడో పట్టుకోండి

ఇంటర్నెట్‌లో "చదవాల్సిన వంద పుస్తకాలు" అన్న జాబితాలు ఈ విషయంలో పెద్దగా సాయం చేయవు. అన్నిట్లో అవే ఇరవై పేర్లు తిరుగుతుంటాయి. దీనికన్నా మంచి పద్ధతి ఒకటుంది. మీకు ఒక్క కథ నచ్చగానే, ఆ రచయిత ప్రేమించిన రచయితలెవరో వెతకండి. ముందుమాటల్లో, ఇంటర్వ్యూల్లో, ఉత్తరాల్లో ఈ సంగతి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

ఉదాహరణకి త్రిపుర నచ్చారనుకుందాం. ఆయన కాఫ్కా పేరు మీదే కవితలు రాశారు. అక్కడి నుంచి కాఫ్కాకి వెళ్ళండి. కాఫ్కా తన రక్తబంధువుల్లాంటి రచయితలని ఉత్తరంలో చెప్పుకున్నవాళ్ళలో రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ ఒకడు. దొస్తోయెవ్‌స్కీ 1864 నాటి 'నోట్స్ ఫ్రమ్ అండర్‌గ్రౌండ్' చిన్న పుస్తకం. అందులో నలభై ఏళ్ళ మాజీ గుమస్తా ఒకడు లోకం మీద, తన మీద విషం కక్కుతాడు. 'అసమర్థుని జీవయాత్ర' నచ్చినవాళ్ళకి అతను పాత పరిచయస్తుడిలాగే ఉంటాడు.

ఇంకో దారి మన దేశంలోనే సాగుతుంది. కాఫ్కాని ఉర్దూలోకి అనువదించిన లక్నో రచయిత నయ్యర్ మసూద్ (1936–2017) స్వయంగా గొప్ప కథకుడు. పాత ఇళ్ళు, అత్తర్లు, మాట పడిపోయిన మనుషులు, ఎందుకో చెప్పకుండా వచ్చే భయం. ఇంగ్లీషు అనువాదాల్లో దొరుకుతాడు. హైదరాబాద్ పాతబస్తీ ఇళ్ళు తెలిసినవాళ్ళకి ఆ లక్నో వెంటనే తెలిసిపోతుంది.

'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' మొదలుపెట్టి వదిలేశారా? దాన్ని రాసిన కొలంబియా రచయిత మార్క్వెజ్‌ని ఎంతో కదిలించిన నవల, మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో 1955లో రాసిన 'పేద్రో పారమో'. నూట ఇరవై పేజీలకి అటూ ఇటూ. చనిపోయిన తల్లికిచ్చిన మాట కోసం ఒకడు తండ్రిని వెతుక్కుంటూ కొమాలా అనే ఊరికి వెళ్తాడు. ఆ ఊళ్ళో మాట్లాడుతున్నవాళ్ళలో బతికున్నదెవరో పోయినదెవరో తేల్చుకోవడం కష్టమవుతుంది. ముందు ఇది చదివి, తర్వాత మార్క్వెజ్ దగ్గరికి వెళ్తే తలుపు తెరిచే ఉంటుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

పత్రికల్లో అచ్చయిన పాత తెలుగు కథలకి శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. వాళ్ళ వెబ్‌సైట్లో వేల కథల స్కాన్‌లు చదువుకోవచ్చు. రచయిత పేరుతో వెతికితే చాలు. పాత నవలలు ఆర్కైవ్.ఆర్గ్‌లో చాలా ఉన్నాయి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళకి కాపీరైట్ ముగుస్తుంది. గోపీచంద్ 1962లో పోయారు కాబట్టి ఆయన రచనలు 2023 నుంచి అందరివీ. కాఫ్కా, గొగోల్, దొస్తోయెవ్‌స్కీ మూలాలు ఎప్పుడో ఆ పరిధి దాటాయి. అనువాదాలకి మాత్రం అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది, అందుకని ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్లో ఎక్కువగా పాత ఇంగ్లీషు అనువాదాలే దొరుకుతాయి.

అచ్చు పుస్తకం కావాలంటే హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, డిసెంబరు చుట్టుపక్కల జరిగే బుక్ ఫెయిర్, విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవం. విదేశాల్లో ఉన్నవాళ్ళు తమ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. కామూ, కాఫ్కా లేని లైబ్రరీ అరుదు. వీలైతే కాగితం మీదే చదవండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టి ఇరవై నిమిషాలు. అంతకన్నా కఠిన నియమాలు పెట్టుకుంటే మూడో రోజుకి మానేస్తారు.

బరువనిపిస్తే గాలి ఆడే పుస్తకానికి మారండి

ఈ దారిలో వరసగా చీకటి పుస్తకాలే చదివేయడం సులువు. కామూ తర్వాత ఫ్రాన్స్‌కే చెందిన అస్తిత్వవాది సార్త్ర్, సార్త్ర్ తర్వాత ఇంకొకరు. మధ్యలో కిటికీ ఒకటి కావాలి. హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్లా నవల 'దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ' అలాంటిదే. రఘువర్ ప్రసాద్ అనే లెక్కల మాస్టారికి కొత్తగా పెళ్ళయింది. ఇద్దరికీ కలిపి ఒకే గది. ఒక సాధువు తన ఏనుగు మీద ఆయన్ని కాలేజీకి దింపుతూ ఉంటాడు. గదిలోని కిటికీ దూకితే అవతల వేరే లోకం, చెరువు, పూలు, పిట్టలు, టీ ఇచ్చే ముసలమ్మ. పెద్ద ఘటనలేమీ జరగవు. పేదరికం ఉంది, జాలి లేదు. అధివాస్తవికం అంటే భయమూ పీడకలా మాత్రమే కాదని చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి పుస్తకం తెలియదు. 1999లో దీనికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. హిందీ కొంచెం వచ్చినా మూలంలో చదవగలరు, వాక్యాలు అంత చిన్నవి. రానివాళ్ళకి ఇంగ్లీషు అనువాదం ఉంది.

ఒక మాట సూటిగా చెప్పాలి. చదవబుద్ధి కాకపోవడం ఒక్కటే కాకుండా, రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన పదేపదే రావడం కూడా ఉంటే ఈ పుస్తకాల జోలికి ఇప్పుడు వెళ్ళకండి. డాక్టర్‌తో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పుస్తకాలు ఎన్నాళ్ళైనా ఆగుతాయి.

చదువు మళ్ళీ మొదలయ్యాక

మూడు నాలుగు చిన్నవి పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది, పేజీ తిప్పేటప్పుడు ఫోన్ గుర్తురావడం తగ్గుతుంది. అప్పుడు నూట యాభై నుంచి రెండు వందల యాభై పేజీల మధ్య ఒక నవల ఎంచుకోండి. నా ఎంపిక జపాన్ రచయిత కోబో ఆబే 1962 నవల 'ద వుమన్ ఇన్ ద డ్యూన్స్'. పురుగులు సేకరించే అలవాటున్న ఒక స్కూలు టీచరు సముద్రతీరపు ఇసుక దిబ్బల్లోకి వెళ్తాడు. ఊరివాళ్ళు రాత్రికి ఆశ్రయమని ఇసుక గొయ్యిలో ఉన్న ఒక ఇంట్లోకి నిచ్చెన మీద దింపుతారు. తెల్లారేసరికి నిచ్చెన ఉండదు. ఇక రోజూ రాత్రి ఇసుక తోడాలి, తోడకపోతే ఇల్లు మునిగిపోతుంది. థ్రిల్లర్ పట్టుతో నడుస్తూనే, మనం రోజూ చేసే పని ఎందుకు చేస్తున్నామో అడుగుతుంది. మొదట చూసుకున్న రెండు ఆకలులూ ఈ ఒక్క పుస్తకంతో తీరతాయి.

దానికి బదులు మనసు మెత్తగా ఉంటే బ్రెజిల్ రచయిత్రి క్లారిస్ లిస్పెక్టర్ 'ది అవర్ ఆఫ్ ద స్టార్' (1977) తీసుకోండి. వంద పేజీలు కూడా ఉండదు. రియో నగరంలో మకబేయా అనే పేద టైపిస్టు, ఆమె కథ చెప్పడానికి తడబడే కథకుడు. తనకి బాధ ఉందని కూడా తెలియని అమ్మాయి గురించి చదువుతూ మనమే బాధపడతాం.

కాఫ్కా 'ద ట్రయల్', వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం', 2025లో నోబెల్ అందుకున్న హంగరీ రచయిత లాస్లో క్రస్నహోర్కయి 'సాటన్‌టాంగో' లాంటివి ఆ తర్వాతి వరసలో పెట్టుకోండి. 'సాటన్‌టాంగో'లో ఒక్కో అధ్యాయం ఒకే పేరాగా సాగుతుంది, 'అనుక్షణికం'లో మనుషుల్ని గుర్తుపెట్టుకోవడానికే ఒక కాగితం కావాలి. వీటికి ఒంటరిగా కూర్చోవడం కన్నా తోడు మంచిది. ఒక స్నేహితుడికో, అక్కకో, ఆఫీసులో పుస్తకాలు చదివే మనిషికో చెప్పి ఇద్దరూ ఒకే వారం మొదలుపెట్టండి. వారానికి యాభై పేజీలు, ఆదివారం పదిహేను నిమిషాల ఫోన్ కాల్. ఆ కాల్‌లో అర్థమైందా అని ఒకరినొకరు అడగొద్దు, ఈ వారం ఎక్కడ ఆగిపోయి మళ్ళీ చదివారో ఆ వాక్యం ఒకరికొకరు చదివి వినిపించుకోండి.